అండాలక్క చదివించిన పసుపు గీతలు

మా ఆఫీసు కింద బండి పెట్టుకున్నాయన ఈ మధ్య చాయ్‌లో లవంగం దంచి వేస్తున్నాడు. నిన్న సాయంత్రం కాగితం కప్పు నోటి దగ్గర పెట్టుకోగానే ఆ ఘాటు ముక్కుకు తగిలింది. ఒక్క క్షణం నేనెక్కడున్నానో మరిచిపోయాను. ఎదురుగా పెద్ద అద్దాల కిటికీ, దాని అవతల మూతపడ్డ బట్టల మిల్లు పొగగొట్టం, ఇవతల వరుసగా కంప్యూటర్లు. నేను మాత్రం కామాటిపురాలో, గదికో కుటుంబం ఉండే మా చాల్ కింది అంతస్తులో, తడిసిన గోడల వాసనా లవంగం వాసనా కలిసిపోయిన ఒక చిన్న గదిలో ఉన్నాను. సరిగ్గా అప్పుడే గౌరి వచ్చింది. నాసిక్ నుంచి మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి. మేము మొబైల్ ఫోన్ల కోసం ఆటలు తయారుచేస్తాము. ఆమె తన మొదటి ఆటకు ప్రోగ్రాం రాసి నాకు చూపించడానికి వచ్చింది. ఆట నడుస్తోంది మేడమ్, ఎర్రర్లు ఒక్కటీ లేవు, ఉన్నవన్నీ వార్నింగులే అంది. ఆ "వార్నింగులే" అనడంలో ఎంత తేలిక ఉందో. తెర అడుగున పసుపు గీతలు బారులు తీరి ఉన్నాయి. అవి చదివావా అని అడిగాను. నవ్వింది. చదవలేదని ఆ నవ్వే చెప్పింది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు, ఒకప్పుడు నేనూ అలాగే నవ్వేదాన్ని.

అండాలక్క గురించి మీకు చెప్పాలి. ఆమెను మీరెవరూ చూసి ఉండరు. ఆమె పేరు ఏ పేపర్లోనూ రాలేదు. ఎత్తుగా, సన్నగా ఉండేది. ఏ కాలమైనా నూలు చీరే. దవడలో ఎప్పుడూ ఒక లవంగం. పంటినొప్పికని మొదలుపెట్టిందట, నొప్పి పోయినా లవంగం పోలేదు. వాళ్ల తాత పాలమూరు నుంచి ఈ ఊళ్లో మేడలు కట్టడానికి వచ్చిన కూలీల్లో ఒకడు. మా తాతా అంతే. మా చాల్‌లో ఎవరిని కదిలించినా కథ అక్కడే మొదలవుతుంది. మా అందరిలో కంప్యూటర్ చదువు మొదట చదివింది అండాలక్క. లిఫ్టులు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం చేసింది. లిఫ్టు ఏ అంతస్తులో ఆగాలి, తలుపు ఎప్పుడు తెరుచుకోవాలి అనే ప్రోగ్రాంలు రాసేది. తల్లికి పక్షవాతం వచ్చాక ఉద్యోగం మానేసి చాల్‌కు తిరిగి వచ్చింది. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగిన వాళ్లను, మీరు చేసుకొని ఏం బాగుపడ్డారో ముందు చెప్పండి అనేది. ఆ తర్వాత ఆ ప్రశ్న ఆమెను ఎవరూ రెండోసారి అడగలేదు.

మా తెలుగు సంఘానికి కింద ఒక గది ఉండేది. భజన డోళ్లు, గణపతి మండపం కర్రలు పెట్టుకునే గది. అండాలక్క సంఘం పెద్దల వెంటపడి దాన్ని ఖాళీ చేయించింది. కంపెనీలు పారేసిన కంప్యూటర్లను ఎక్కడెక్కడి నుంచో తెచ్చి, తనే విప్పి, తనే బిగించి, సాయంత్రాలు పిల్లలకు నేర్పడం మొదలుపెట్టింది. మొదట టైపింగ్ నేర్పిందట. పిల్లలు రెండు రోజులు వచ్చి మాయమయ్యారు. ఆటలు చేయడం నేర్పుతానంది. గది నిండిపోయింది. ఆడుడు ఎవరికైనా వస్తది, ఆడిపిచ్చుడు నేర్చుకోండి అని రోజూ అనేది. నేను మాత్రం చదువు మీద ప్రేమతో వెళ్లానని చెప్పను. మా ఖోలి అంటే ఒక్కటే గది, అందులో ఆరుగురం. ఆ గదిలో ఫ్యాను బాగా తిరిగేది. ఫ్యాను కోసం వెళ్లాను, కంప్యూటర్ దగ్గర ఇరుక్కుపోయాను. ఇంట్లో ఇంకో ఏర్పాటు కూడా జరుగుతోంది. నాగ్‌పాడాలో మా పెద్దమ్మ పనిచేసే కుట్టు కార్ఖానాలో, కుట్టిన బట్టలకు వేలాడే దారాలు కత్తిరించే పనికి సాయంత్రాలు నన్ను పంపుదామని మా అమ్మ అనుకుంటోంది. ఆ గది ఉన్నంతవరకే నాకు ఆ కత్తెర తప్పుతుందని నాకు తెలుసు.

నేను రాసిన మొదటి ప్రోగ్రాం చాలా చిన్నది. బాణం గుర్తు నొక్కితే తెర మీద ఒక చతురస్రం కదలాలి, అంతే. మనం రాసిన దాన్ని కంపైలర్ అనే మరో ప్రోగ్రాం ముందు చదివి, యంత్రానికి అర్థమయ్యే భాషలోకి మారుస్తుంది. అది చదివేటప్పుడే తప్పులు పట్టుకుంటుంది. నేనొక చోట వాక్యం చివర పెట్టాల్సిన గుర్తు పెట్టలేదు. తెర అడుగు అంతా ఎర్రబడిపోయింది. యంత్రం పాడుచేశాననుకుని రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అండాలక్క వచ్చి, లవంగాన్ని ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చి, గా మొఖమేంది అని అడిగింది. కంప్యూటర్ తిడుతోందని చెప్పాను.

"తిట్టనీ. ఎర్ర గీత మీ నాయిన లెక్క. తప్పు చేసినవంటే తలుపుకు అడ్డం నిలవడ్తడు, కాలు బయట పెట్టనియ్యడు. దిద్దుకున్నవంటే పక్కకు జరుగుతడు. గంతే. దానికి భయపడుడు ఎందుకు?"

మా నాన్న నిజంగా అంతే. ఇళ్లకు వైరింగు పనిచేసేవాడు, కోపం వస్తే మాట్లాడడు, గడప మీద నిలబడిపోతాడు. నాకు నవ్వొచ్చింది. ఆ గుర్తు పెట్టగానే ఎరుపు మొత్తం పోయింది, చతురస్రం కదిలింది. ఆ రోజు నేను నేల మీద నడవలేదు. కొన్నాళ్లకు ఎర్ర గీతలకు అలవాటు పడ్డాను. అప్పుడే పసుపు గీతలు కనిపించడం మొదలయ్యాయి. అవి ఉన్నా ఆట నడుస్తుంది. అందుకని వాటి వైపు చూడకుండా నడిపించబోతే అండాలక్క నా మణికట్టు పట్టుకుంది.

"ఇగ ఇది మీ అమ్మ లెక్క. పొమ్మంటది, అడ్డం రాదు. గని నువ్వు చెప్పులేసుకునేటప్పుడు ఎనక నుంచి ఒక మాట అంటది. నువ్వేం చేస్తవ్?"

ఆఁ ఆఁ అంటూ ఉరుకుతానని చెప్పాను. "మల్ల తడిసొస్తవ్" అంది అండాలక్క. అంతకుముందు రోజే నేను గొడుగు వదిలేసి వెళ్లి గ్రాంట్ రోడ్ స్టేషన్ నుంచి తడిసి ముద్దయి వచ్చాను. ఆమె అది మెట్ల మీద నుంచి చూసింది. ఎర్రర్‌కూ వార్నింగ్‌కూ తేడా ఏమిటో ఆ తర్వాత ఎన్నో పుస్తకాల్లో చదివాను. ఆ రోజు విన్నదానికి వాటిలో ఏదీ ఒక్క ముక్క కలపలేదు.

ఆ గదిలో ఒక పద్ధతి ఉండేది. ఆట నడిపించే ముందు ప్రతి పసుపు గీతనూ లేచి నిలబడి, పైకి చదవాలి. ఇంగ్లీషులో చదివితే ఒప్పుకోదు. ఇంట్లో మాట్లాడే మాటల్లో చెప్పాలి. మాలో సగం మందికి తెలుగు తాతల దగ్గరే ఆగిపోయింది. వాళ్లు మరాఠీలోనో హిందీలోనో చెప్పేవారు. అండాలక్కకు ఏ భాషైనా సరే, అర్థం కావాలి. చదివాక రెండే దారులు. దాన్ని సరిచెయ్యాలి, లేదంటే ఎందుకు వదిలేస్తున్నామో పక్కనే రాయాలి. ఊరికే దాటిపోకూడదు. "ఈ పద్ధతి పాతబడింది, ముందు ముందు పనిచెయ్యదు" అనే అర్థం వచ్చే వార్నింగ్ ఒకటి ఉంటుంది. దాన్ని నేను, ఇది మా తాత రేడియో లెక్క, ఇప్పటికి మోగుతది గని సెల్లులు దొరుకుతలేవు అని చెప్పాను. అండాలక్క ఎంత నవ్విందంటే లవంగం ఊడి కింద పడింది. ఆ పూటంతా నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నా జీవితంలో నాకు దొరికిన మొదటి బహుమతి అదే అనుకుంటాను.

ఆమెకు కోపం రావడం ఒక్కసారే చూశాను. ప్రతీక్ష అని నా ఈడు పిల్ల, పై అంతస్తులో ఉండేది. వాళ్లదీ తెలుగు కుటుంబమే, కానీ ప్రతీక్ష నోట తెలుగు పలికేది కాదు, అంతా మరాఠీ. మా అందరిలోకీ చురుకైనది. పసుపు గీతలు చదవడం విసుగేసి, అసలవి తెర మీదికే రాకుండా చేసే ఒక మార్గం కనిపెట్టింది. అలాంటి సదుపాయం నిజంగానే ఉంటుంది. ఒక మాట రాస్తే చాలు, వార్నింగులన్నీ దాక్కుంటాయి. తెర తళతళలాడిపోయింది. మేమంతా ఆమె చుట్టూ మూగి, మాకూ చెప్పమని బతిమాలుతున్నాము. అండాలక్క వచ్చి చూసింది. అరవలేదు. నోట్లోని లవంగాన్ని తీసి కిటికీలోంచి పారేసి, స్టూలు మీద కూర్చుంది.

"వార్నింగులు పోలే ప్రతీక్షా. నీకు చెప్పుడు బంద్ చేసినయి. గంతే."

తర్వాత చాలాసేపటికి, లిఫ్టు కంపెనీలో తనతో పనిచేసిన ఒకతను ఇలాగే చేశాడని చెప్పింది. ఒక భవనంలో లిఫ్టు అంతస్తుకు జానెడు పైన ఆగి తలుపు తెరుచుకుంది. లోపలున్నవాళ్లు ముందుకు అడుగువేసే ముందు కిందికి చూశారు కాబట్టి సరిపోయింది. ప్రతీక్ష తను రాసిన ఆ మాట చెరిపేసింది, పసుపు గీతలు వరుసగా తిరిగి వచ్చాయి.

గది మీదికి ఆపద వచ్చింది ఆ ఏడాది బతుకమ్మ పండగకు ముందు. పెళ్లి వంటలు పట్టే కాంట్రాక్టరు ఒకాయన తన గుండిగలూ బల్లలూ పెట్టుకోవడానికి చోటు వెతుకుతూ సంఘం పెద్దలను కలిశాడు. సంఘం అధ్యక్షుడు నర్సింలు మామ. చెడ్డవాడేమీ కాదు, చాల్‌లో ఎవరింట్లో చావొచ్చినా ముందుగా వచ్చి నిలబడేవాడు. కానీ ఆయన దృష్టిలో ఆ గదిలో పిల్లలు ఆటలాడుకుంటున్నారు. ఆడుకోవడానికి గల్లీ ఉంది కదా, గది ఎందుకు? ఇంతకీ వీళ్లేం నేర్చుకుంటున్నారో నాకొకసారి చూపించు అండాలూ, సద్దుల బతుకమ్మ నాడు అందరూ కిందికి దిగుతారు, అందరి ముందూ చూపించు, ఆ తర్వాత నిర్ణయిద్దాం అన్నాడు. అండాలక్క సరేనంది. మా అమ్మ ఆ మాట విని పెద్దమ్మకు కబురు పెట్టింది, పండగ దాటాక పిల్లకు కార్ఖానాలో పని ఉంటుందేమో చూడు అని. నాకు అన్నం సహించలేదు.

ఏ ఆట చూపించాలో మేమే అనుకున్నాము. బతుకమ్మను పేర్చే ఆట. పై నుంచి పూలు రాలుతుంటాయి, తాంబాళం అటూ ఇటూ జరిపి పట్టుకోవాలి. పూలు నిండినకొద్దీ వరుస మీద వరుస లేస్తుంది. చివరి వరుస నిండగానే పసుపు గౌరమ్మ వచ్చి శిఖరాన కూర్చుంటుంది, బతుకమ్మ నీళ్ల మీద తేలుతూ సాగిపోతుంది. పూలు పట్టే భాగం నేను రాశాను, నీళ్లకు సాగనంపే భాగం ప్రతీక్ష రాసింది. చివరి భాగం చూడాలంటే ప్రతిసారీ ఆటంతా ఆడాలి కాబట్టి, నేరుగా అక్కడికే దూకే బటన్ ఒకటి పెట్టుకున్నాము. నా సగం బాగా నడిచేది. ఆ బటన్ నొక్కితే ఆమె సగం ఇంకా బాగా నడిచేది. నీళ్లలో బతుకమ్మ నీడ కదిలేలా చేసింది ప్రతీక్ష. అది చూసి నాకు కొంచెం కుళ్లు కూడా పుట్టింది.

సద్దుల నాడు చీకటి పడకముందే గల్లీ నిండిపోయింది. ఆడవాళ్లు పట్టుచీరల్లో, చేతుల మీద బతుకమ్మలతో దిగారు. దాదర్ పూల బజారు నుంచి తెచ్చిన బంతి, చేమంతి. ఊరి నుంచి బస్సులో సంచుల్లో వచ్చిన గునుగు. మా ఇంటి తెల్ల దుప్పటిని సంఘం గోడకు కట్టాము. ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన ప్రొజెక్టర్ దాని మీద మా తెరను పెద్దదిగా చూపిస్తోంది. ముందు కుర్చీలో నర్సింలు మామ, వెనక మా అమ్మ, పెద్దమ్మ. నేను కీబోర్డు ముందు కూర్చున్నాను. నడిపించబోతుంటే అండాలక్క నా పక్కకు వచ్చి, పస్పు గీతలున్నయా అని అడిగింది. ఉన్నాయి, కానీ పొద్దున్నుంచీ బాగానే నడుస్తోంది అన్నాను. చదువు అంది. ఇప్పుడా అన్నాను. ఇప్పుడే అంది.

నర్సింలు మామకు ఓపిక తక్కువ. ఆడవాళ్లు చేతుల్లో బరువుతో నిలబడ్డారు, నడుస్తోందని పిల్ల చెప్తోంది కదా, ఇక నడిపించమన్నాడు. అండాలక్క కదలలేదు.

"నడుస్తది మామా. ఎందాక నడుస్తదో సూడనియ్యి."

నాకు ఒళ్లు మండింది. గది పోయేలా ఉంది, ఈమెకు చదువు కావాలా? లేచి నిలబడి, మొత్తం గల్లీ వినేలా చదవడం మొదలుపెట్టాను. మొదటిది, ఒక పేరు పెట్టి ఎక్కడా వాడలేదని. ఇది ఉత్తదే, వండిన కూర వడ్డించుడు మరిచినట్టు అన్నాను. ఎవరో నవ్వారు. రెండోది తాత రేడియో. ఆ రేడియో మాట గల్లీకంతా నచ్చింది, ముసలివాళ్లు గట్టిగా నవ్వారు. లెక్కలు దాచుకునే పేర్లను మేము గిన్నెలనేవాళ్లం, మూడోది అలాగే చదివాను. "ఫూల్ అన్న గిన్నెల ఎవ్వరు ఏం ఎయ్యలే. అది ఎప్పటికి సున్ననే ఉంటది." చదివి ఆగిపోయాను. నా నోటితో నేనే చెప్పిన మాట నా చెవుల్లో పడింది. పూల గిన్నెలో పువ్వే పడడం లేదు.

అప్పటికి అర్థమైంది. పట్టుకున్న పూలను నేను "పువ్వులు" అనే పేరు కింద లెక్కవేశాను. ప్రతీక్ష తన భాగంలో, గిన్నె నిండిందా లేదా అని "ఫూల్" అనే పేరు కింద చూస్తోంది. ఒకే పూలకు వాళ్లింట్లో ఒక పేరు, మా ఇంట్లో ఇంకో పేరు. నేను పట్టిన పూలన్నీ నా గిన్నెలో పడతాయి, ఆమె గిన్నె ఎప్పటికీ ఖాళీ. వరుసలు నా లెక్కతో లేస్తాయి కాబట్టి బతుకమ్మ లేస్తూనే ఉంటుంది, దుప్పటి దాటి పోతుంది, నీళ్లకు మాత్రం పోదు. బటన్ నొక్కి దూకాము కాబట్టి మాకది ఒక్కసారీ కనబడలేదు. సద్దుల నాడు, ఇంతమంది ఆడబిడ్డల ముందు, సాగనంపలేని బతుకమ్మను చూపించబోయాము. పండగ తొందరలో మేము చదవడం మానేశాము గానీ, కంపైలర్ ఆ సంగతి రోజూ చెబుతూనే ఉంది.

ప్రతీక్ష కూడా అప్పుడే పట్టుకుంది. పరుగున నా పక్కకు వచ్చి తెర వైపు చూసింది. ఎవరి పేరు ఉంచాలని ఇద్దరం ఒకళ్లనొకళ్లం చూసుకున్నాము. "తుఝంచ ఠేవ్" అంది, నీదే ఉంచు అని. ఆమె రాసిన చోట ఫూల్ తీసేసి పువ్వులు అని పెట్టాను. ఆ పసుపు గీత పోయింది. మిగిలిన వాటి పక్కన ఎందుకు వదిలేస్తున్నామో రాసి, కీబోర్డు ప్రతీక్షకు ఇచ్చాను, ఆమె ఆడింది. పూలు రాలాయి, వరుస మీద వరుస లేచింది, గౌరమ్మ శిఖరానికి చేరింది, బతుకమ్మ దుప్పటి మీది నీళ్లలో తేలుతూ మెల్లగా సాగిపోయింది. ముందు వరుసలో ఒక అవ్వ తెలియకుండానే చేతులెత్తి మొక్కింది. ఆమెను చూసి పక్కవాళ్లూ మొక్కారు. చప్పట్లు ఆ తర్వాత వచ్చాయి. నర్సింలు మామ కుర్చీలోంచి లేవలేదు. ఆ పేరు అట్లనే ఉంటే ఏమవుతుండె అని అడిగాడు. చెప్పాను. కాసేపు గడ్డం గీరుకుని, గది తాళంచెవి జేబులోంచి తీసి అండాలక్క చేతిలో పెట్టాడు. వంటాయన గుండిగలకు ఇంకో చోటు చూద్దాం అన్నాడు. వెనక్కి తిరిగితే మా అమ్మ కళ్లు తుడుచుకుంటోంది. కార్ఖానా మాట మా ఇంట్లో మళ్లీ వినబడలేదు.

బతుకమ్మలను సముద్రానికి తీసుకెళ్లే టెంపోలో అండాలక్క పక్కన కూర్చున్నాను. నాకొక అనుమానం తొలుస్తోంది. నీకు ముందే తెలుసా అని అడిగాను. నిన్ననే చూశానంది, ఏ మాత్రం తడబడకుండా. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మరి చెప్పలేదెందుకు, గది పోయేది కదా అని గట్టిగానే అరిచాను. ఆమె ఒళ్లో ఉన్న బతుకమ్మ జారకుండా పట్టుకుని చెప్పింది.

"నేను సదివితే గీ రూం ఒక్కటే నిలుస్తది బిడ్డా. రేపు ఇంకేదో రూంల కూసుంటవ్. ఆడ నీకెవరు సదివి పెడ్తరు?"

ఆ మాట అప్పుడు నాకు నచ్చలేదు. పిల్లల గది పణంగా పెట్టి ఇదేం పాఠం అనుకున్నాను. కొన్నాళ్లు ఆమెతో మాట్లాడలేదు కూడా. మాట్లాడకపోయినా గదికి వెళ్లడం మానలేదు, అంత మంచి ఫ్యాను ఇంకెక్కడుంది? ఆ తర్వాత ఆ గదిలోంచే డిప్లొమాకు వెళ్లాను, అక్కడి నుంచి ఈ ఉద్యోగానికి. ఇప్పుడు నా కింద ఒక బృందం పనిచేస్తుంది. ప్రతీక్ష బ్యాంకులో ఉంది. సద్దుల నాడు ఇప్పటికీ ఒక పువ్వు బొమ్మ పంపి, కింద మరాఠీలో ఫూల్ అని రాస్తుంది. నేను తెలుగులో పువ్వులు అని జవాబిస్తాను.

చాల్‌ను పడగొట్టి కొత్తగా కడతామని అందరినీ ఖాళీ చేయించినప్పుడు అండాలక్క కళ్యాణ్‌లో మేనకోడలి ఇంటికి వెళ్లిపోయింది. నేను ఆమెను చివరిసారి చూసింది అక్కడే. బాగా చిక్కిపోయింది కానీ లవంగం మాత్రం అలాగే ఉంది. నా గొప్పలన్నీ చెప్పుకున్నాను. బృందానికి పెద్దనయ్యానని, పని నల్లేరు మీద బండిలా సాగుతోందని, నా మాటకు ఎవరూ అడ్డు చెప్పరని. అంతా విన్నది, సంతోషించింది, ప్లేటులో ఇంకో లడ్డూ పెట్టింది. సెలవు తీసుకుని గడప దగ్గర చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి పిలిచింది. నీ కింద పనిచేసేవాళ్లు నీకు ఎదురు చెప్తారా అని అడిగింది. అసలు చెప్పరక్కా, నేనంటే అంత గౌరవం అన్నాను.

"అయితే ఒక్కసారి సూస్కో. తప్పులు లేక కాదు బిడ్డా. నీకు చెప్పుడు బంద్ చేసిన్రేమో."

ఆఁ ఆఁ అనలేదు. చెప్పులు విప్పి లోపలికి వెళ్లి, మళ్లీ ఆమె పక్కన కూర్చున్నాను. ఆ వానాకాలం ఆమె పోయింది. ఆమె చెప్పిన ఆ చివరి మాట పట్టుకుని, కళ్యాణ్ నుంచి వచ్చిన మరుసటి రోజే ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టి, నా పనిలో మీకు కనిపించిన లోపాలు చెప్పండి అని అడిగాను. ఆ రోజు ఎవరూ నోరు విప్పలేదు. అడుగుతూనే ఉన్నాను. నెమ్మదిగా ఒకరూ ఇద్దరూ చెప్పడం మొదలుపెట్టారు. మొదట్లో వినడం ఎంత కష్టమో మీకేం చెప్పను, అయినా విన్నాను.

నిన్న గౌరిని లేచి నిలబడి చదవమన్నాను. ఇంగ్లీషులో మొదలుపెట్టింది. అలా కాదు, మీ ఇంట్లో మాట్లాడే మాటల్లో చెప్పు అన్నాను. సిగ్గుపడుతూ, ఆగుతూ, మరాఠీలో చెప్పుకుంటూ వచ్చింది. సగం దారిలో తనే ఒక చోట ఆగి, అయ్యో అనుకుని దిద్దుకుంది. మిగిలినవి తీరిగ్గా చూసుకోమని చెప్పి నా పనిలో పడ్డాను. చాయ్ చల్లారిపోయింది. ఈ శుక్రవారం విడుదల కావలసిన మా పెద్ద ఆట ఒకటి ఉంది. అది సిద్ధమని పైవాళ్లకు చెప్పడానికి సంచీ తగిలించుకుని బయలుదేరాను. తలుపు దాకా వెళ్లాను. వెనక నుంచి గొంతు వినబడింది.

"మేడమ్, ఒక్క మాట."

గౌరి. లేచి నిలబడి ఉంది. మొహం ఎర్రబడింది. శుక్రవారం ఆటను కూడా తను చదివిందట. అందులో ఒక పసుపు గీత నేను రాసిన భాగంలోదట. సరిచెయ్యలేదు, పక్కన కారణం కూడా రాసి లేదు అంది. చుట్టూ ఉన్నవాళ్లంతా టైపు చేయడం ఆపేశారు. చేరి నెల తిరగని పిల్ల, నా తప్పును నా ముందే చెప్పింది. నా గుండె నిండిపోయింది. సంచీ కింద పెట్టి, వెనక్కి వచ్చి, ఆ తెర ముందు నిలబడి, ఆ గీతను తెలుగులో, అందరికీ వినబడేలా పైకి చదివాను.